పిచ్చాసుపత్రి తలుపులు తెరిపించిన డాక్టర్ బసాలియా

ఇంట్లో ఒకరికి మతి చలించి నెలల తరబడి కుదుటపడకపోతే, ఎక్కడో దూరాన ఉన్న ఆసుపత్రిలో చేర్పించి మరచిపొమ్మని సలహా ఇచ్చేవారు ఏ ఊరిలోనైనా ఉంటారు. ఇటలీ దేశంలో ఒకప్పుడు చట్టమే ఆ పని చేసేది. తనకు గాని ఇతరులకు గాని ప్రమాదకారి అయిన రోగిని, నలుగురిలో రచ్చకు కారణమైన రోగిని పిచ్చాసుపత్రిలో నిర్బంధించాలని అక్కడ 1904లో చట్టం చేశారు. 1978లో ఆ పద్ధతి మారడానికి ముఖ్య కారకుడు డాక్టర్ ఫ్రాంకో బసాలియా.

ఆయన 1924 మార్చి 11న వెనిస్ నగరంలో జన్మించారు. పాదువా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతుండగానే ఫాసిస్టులకు వ్యతిరేకంగా పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో జైలు పాలయ్యారు. 1949లో డాక్టరు పట్టా పుచ్చుకుని అక్కడే పదేళ్లకు పైగా పనిచేశారు.

1961లో ఆయన యుగొస్లావియా సరిహద్దులోని గొరీజియా పట్టణ మానసిక వైద్యశాలకు అధికారిగా వెళ్లారు. అడుగు పెట్టగానే తాను గడిపిన జైలు గుర్తుకు వచ్చింది. రోగులను మంచాలకు కట్టేవారు. రాత్రి ఎవరెవరిని కట్టారో రిజిస్టరులో రాసి, మర్నాడు అధికారి చేత సంతకం పెట్టించుకోవడం అక్కడి ఆనవాయితీ. బసాలియా మొదటి రోజునే ఆ సంతకం పెట్టడానికి నిరాకరించారు.

క్రమంగా కట్లు విప్పించారు, తాళాలు తీయించారు. రోగులు, నర్సులు, డాక్టర్లు ఒకేచోట కూర్చుని ఆసుపత్రి విషయాలు చర్చించుకునే సభలు ఏర్పాటు చేశారు. మందులను ఆయన కాదనలేదు. మందు ఇచ్చి మనిషిని మూలన పడేయడాన్నే వ్యతిరేకించారు. ఈ కృషిలో ఆయన భార్య ఫ్రాంకా ఒంగారో మొదటి నుంచీ పాలు పంచుకున్నారు.

ఈ దారి పూలబాట కాలేదు. 1968లో ఆసుపత్రి నుంచి ఒక రోజు అనుమతిపై ఇంటికి వెళ్లిన రోగి ఒకరు భార్యను చంపాడు. బసాలియాపై కేసు నడిచింది. తలుపులు తెరిచినందువల్లే ఇంత జరిగిందని విమర్శలు వచ్చాయి. చివరకు కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. బసాలియా మాత్రం తన మార్గం విడవలేదు.

1971లో ఆయన త్రియెస్తె నగరంలోని శాన్ జొవాన్ని ఆసుపత్రికి వచ్చారు. అప్పుడు అక్కడ సుమారు 1,200 మంది రోగులున్నారు. అంతవరకు ఊడ్చడం, బట్టలుతకడం వంటి పనులు రోగులచేత కూలి లేకుండా చేయించేవారు. 1972లో వారితో సహకార సంఘం పెట్టించి, చేసిన పనికి కూలి ఇప్పించారు.

ఆ ఆసుపత్రిలో మాసిన బట్టల బండి లాగే ముసలి గుర్రం ఒకటి ఉండేది. పేరు మార్కో. దాన్ని కబేళాకు పంపవద్దని రోగులు అధికారులకు అర్జీ పెట్టుకుని కాపాడుకున్నారు. 1973లో రోగులు, కళాకారులు కలిసి ఆ గుర్రం పేరిట కొయ్యతో, కాగితపు గుజ్జుతో పెద్ద నీలి గుర్రాన్ని తయారు చేశారు. గుమ్మంలో పట్టకపోతే గుమ్మమే పగులగొట్టి బయటకు తెచ్చారు. దాని వెంట వందలాది మంది రోగులు ఊరేగింపుగా నగర వీధుల్లోకి నడిచారు.

అయితే రోగులను వీధిలో వదిలేసి ఊరుకోలేదు. నగరంలో పేటపేటకూ మానసిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. కాలక్రమాన అవి కొద్దిపాటి మంచాలతో రాత్రింబవళ్లు పనిచేయసాగాయి. సిబ్బంది ఇళ్లకు వెళ్లి రోగులను చూసేవారు. ఉండటానికి ఇల్లు, చేయడానికి పని చూపడం కూడా వైద్యంలో భాగమైంది.

1978 మే 13న ఇటలీ పార్లమెంటు 180వ నంబరు చట్టాన్ని ఆమోదించింది. కొత్తగా పిచ్చాసుపత్రులు కట్టరాదని, ఉన్నవాటిలో కొత్తవారిని చేర్చుకోరాదని అది శాసించింది. ఇష్టం లేని రోగికి చికిత్స తప్పనిసరైతే ఇద్దరు డాక్టర్ల సిఫారసు, మేయరు ఉత్తర్వు ఉండాలని, జడ్జికి తెలియజేయాలని నియమం పెట్టింది.

బసాలియా ఆ ఫలితం ఎక్కువకాలం చూడలేదు. మెదడులో కంతితో 1980 ఆగస్టు 29న వెనిస్‌లో కన్నుమూశారు. వయస్సు 56 ఏళ్లు. ఆయన తర్వాత పలు ప్రాంతాల్లో కేంద్రాలు సకాలంలో ఏర్పడక భారమంతా కుటుంబాల నెత్తిన పడింది. దేశంలోని పిచ్చాసుపత్రులన్నీ మూతపడేసరికి 1990 దశకం చివరికొచ్చింది. పార్లమెంటు సభ్యురాలైన ఫ్రాంకా చట్టం సక్రమంగా అమలు కావాలని పాటుపడ్డారు.

ఈ కథ మనకు దూరం కాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్ని ప్రమాదంలో 28 మంది మానసిక రోగులు మరణించారు. గొలుసులతో కట్టి ఉన్నందున వారు తప్పించుకోలేకపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. పొరుగున కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1980 దశకంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు ఈ వైద్యంలో శిక్షణ ఇచ్చారు. ఆ అనుభవంతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది.

ఇంట్లో ఇటువంటి రోగి ఉన్నవారు గొలుసు, తాళం వెతకనక్కరలేదు. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా లభిస్తుంది. రోగం ముదరకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించి, మందులు డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆపకుండా వాడించాలి. కాస్త కుదుటపడ్డాక చేతనైన పని చెప్పి, పెళ్లికీ పండుగకూ అందరితోపాటు పిలవడం ఊరివారు చేయవలసిన పని.