ధీరనావికుడు జాన్ లాసన్

యుద్ధకథలు వినునపుడు జనులు సేనానుల పేర్లనే జ్ఞప్తియందుంచుకొందురు. ఫిరంగికి మందుగుండు అందించిన వానిని తలచువారు అరుదు. అట్టి పనియందుండియే కీర్తి నార్జించిన నావికుడు జాన్ లాసన్.

ఆతడు 1837 జూన్ 16వ తేదీన అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమునందు, నల్లజాతి కుటుంబమున జన్మించెను. బానిసత్వమును నిలుపుకొనగోరిన దక్షిణ రాష్ట్రములు విడిపోగా, 1861లో ఆ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. లాసన్ ఉత్తరపక్షపు నౌకాదళమున చేరి, నౌకాసేనాని ఫారగట్ ఎక్కి నడపు హార్ట్‌ఫర్డ్ అను ఓడపై కొలువు చేసెను. నాటి భూసైన్యమున నల్లవారికి వేరు పటాలములుండెను. ఓడలపై మాత్రము వారు తెల్లవారితో కలసి పనిచేసిరి. అయినను తఱచుగా చిన్న ఉద్యోగములే వారికి లభించెడివి. సముద్రానుభవము లేని క్రొత్తవారికిచ్చు లాండ్స్‌మన్ ఉద్యోగము లాసన్‌ది.

అలబామా రాష్ట్రమునందలి మొబైల్ అఖాతము దక్షిణపక్షమువారికి మిగిలిన ముఖ్యమైన రేవులలో ఒకటి. దాని ముఖద్వారమున మోర్గన్ కోట, దారిలో నీటి మందుపాతరలు, లోపల టెన్నెసీ అను ఇనుప తొడుగు ఓడ కాపుండెను. 1864 ఆగస్టు 5వ తేదీ ఉదయమున ఫారగట్ 18 ఓడలతో ఆ ద్వారమును చొచ్చెను. ముందు నడచిన టెకుమ్సే అను ఓడ మందుపాతర తగిలి క్షణములలో మునిగెను. 90 మందికి పైగా జలసమాధియైరి. తక్కిన ఓడలు తడబడి నిలువగా, ఫారగట్ వెనుదీయక హార్ట్‌ఫర్డ్‌ను ముందుకు నడిపించెను.

ఆ సమయమున లాసన్ ఓడలోపలి అంతస్తున ఉండెను. నూతిలోని చేదను గిలకపై తోడినట్లు, అడుగున నున్న మందుగుండును త్రాటితో పైకి లాగి ఫిరంగులకు అందించుట అచటి ఆరుగురి పని. చేద ఆగిన కాలువ ఎండినట్లు, ఆ త్రాడు ఆగిన ఫిరంగులు మూగవోవును. ఇంతలో శత్రువుల గుండొకటి ఓడను చీల్చుకొని వచ్చి ప్రేలెను. ఆ ఆరుగురిలో చావనివారు గాయపడిరి. లాసన్ కాలికి గాయమయ్యెను. ఆతడు ఎగిరి ఓడగోడకు కొట్టుకొనెను. తేరుకొన్నంతనే మరల త్రాడు వద్దకు వచ్చెను. చికిత్సకై క్రిందికి పొమ్మని చెప్పినను పోక, పోరు ముగియువఱకు ఆ పనియందే నిలిచెను.

నాడు హార్ట్‌ఫర్డ్‌పై 25 మంది మరణించిరి, 28 మంది గాయపడిరి. టెన్నెసీ ఆ ఉదయముననే లొంగిపోయెను. మోర్గన్ కోట ఆగస్టు 23వ తేదీన వశమయ్యెను.

1864 డిసెంబరు 31వ తేదీన లాసన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ అను శౌర్యపతకము ప్రకటింపబడెను. ఆ దేశమున శౌర్యమునకిచ్చు బిరుదములలో దానిని మించినది లేదు. ఆతడు 1919 మే 3వ తేదీన, 81 ఏండ్ల ప్రాయమున, పుట్టిన నగరముననే కన్నుమూసెను. న్యూజెర్సీ రాష్ట్రపు లాన్‌సైడ్ గ్రామమున ఆతని సమాధి కలదు.

ఆ యుద్ధమున ఫారగట్ తెరచాపల త్రాళ్ళపై కెక్కి, ఎల్లరకు కనబడుచు ఆజ్ఞలిచ్చెను. లాసన్ ఎవరికిని కనబడని చోట, నెత్తురోడు కాలితో, తన త్రాటిని లాగుచుండెను. మీది ధైర్యమునకు ఆయువుపట్టు అడుగున నున్న ఆ ధైర్యమే.