రోల్ నంబర్లు మారే ప్రోగ్రాములు: గ్రేస్ హాపర్

బదిలీ ఉత్తర్వు వచ్చి కొత్త బడిలో చేరగానే మన రోల్ నంబరు మారిపోతుంది. పాత బడిలో మూడో నంబరు, ఇక్కడ ముప్పై ఒకటి. అట్టల మీద చీటీలన్నీ మళ్ళీ రాసుకోవాలి. ఒక్కటి మరిచామా, ఆ నోటుపుస్తకం ఇంకెవరి చేతికో పోతుంది. ఒకప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములకూ ఇదే తిప్పలు. వాటిని తీర్చడానికి పూనుకున్న తొలి వ్యక్తులలో గ్రేస్ హాపర్ ఒకరు.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని విప్పారు. తిరిగి బిగించడం రాలేదు. ఇంకొకటి విప్పి చూస్తే తెలుస్తుందనుకున్నారు. అలా ఇంట్లో ఉన్న ఏడూ ముక్కలయ్యాయి! తల్లి కోప్పడి ఊరుకోలేదు, ఇకమీదట ఒక్కటే విప్పుకోవచ్చని హద్దు పెట్టారు. మంచి తల్లి అనిపిస్తుంది మనకు.

యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు పొంది, వాసర్ కళాశాలలో పాఠాలు చెబుతుండగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. బరువు తక్కువని ఆటంకం ఎదురైనా ప్రత్యేక అనుమతితో 1943లో నౌకాదళంలో చేరారు. 1944 జూలైలో హార్వర్డ్‌లోని మార్క్ 1 యంత్రం దగ్గర ఉద్యోగం. 51 అడుగుల పొడవున్న ఆ యంత్రానికి ఆదేశాలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి ఇవ్వాలి.

ఒకే లెక్క ఎన్నో పనుల్లో వస్తుంది కదా. సైన్ విలువ కట్టే ఆదేశాలను ఒకరు సరిగ్గా రాస్తే మిగతావాళ్ళు వాటిని నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు. ఇలాంటి చిన్న ముక్కనే సబ్‌రొటీన్ అంటారు. తరువాతి యంత్రాల్లో దీనికొక చిక్కు వచ్చిపడింది. ముక్కలోని వరుసల నంబర్లు సున్నాతో మొదలవుతాయి. దాన్ని పెద్ద ప్రోగ్రాములో 70వ చోట పెడితే లోపలి ప్రతి చిరునామాకూ 70 కలపాలి. అన్నీ చేత్తోనే! గణితంలో ఉద్దండులు కూడా కూడికల్లో తప్పారు. ఎత్తిరాయడంలో బి అక్షరం 13గా మారిపోయేది. లెక్క తప్పు కాదు, బదిలీలోనే తప్పు.

1949లో ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటరు తయారుచేసే సంస్థలో చేరాక ఈ కూడికలు, ఎత్తిరాతలు యంత్రానికే అప్పగించాలని ఆమె నిశ్చయించుకున్నారు. సబ్‌రొటీన్లను అయస్కాంత టేపు మీదికి ఎక్కించి, గ్రంథాలయ పుస్తకాలకు లాగా ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చారు. ఏ ముక్కలు ఏ వరుసలో కావాలో మనిషి రాస్తే చాలు. వాటిని వెతికి తెచ్చి, చిరునామాలు సరిచేసి కూర్చే పని యంత్రానిది. 1952 నాటి ఈ ఏ-0 ప్రోగ్రామునే ఆమె కంపైలర్ అన్నారు. కంప్యూటరు అంకగణితం తప్ప ఇంకేమీ చేయలేదని వాదించి చాలామంది నమ్మలేదు.

అందులో ఒక ముడిని బాస్కెట్‌బాల్ విప్పింది. ప్రోగ్రాము ముందుకు దూకవలసి వస్తే, ఆ చోటు ఇంకా తయారై ఉండదు. ఆమె ఆడిన రోజుల్లో ఆడపిల్లలు బంతితో పరుగెత్తకూడదు. జోడీకి విసిరి, తాము ముందుకు వెళ్ళి, మళ్ళీ అందుకోవాలి. అలాగే మెమరీ చివర కొంత ఖాళీ స్థలం ఉంచారు. దూకుడు ముందు అక్కడికి వెళుతుంది, అసలు చోటు తెలిశాక అక్కడి నుంచి అందుకుంటుంది.

ఇప్పుడు మన కంప్యూటరు ల్యాబులో ప్రవేశ దరఖాస్తు వెబ్‌సైటు ఒకటి చేద్దామనుకోండి. మొదటి పేజీలో పేరు, రెండోదాంట్లో తరగతి, మూడోదాంట్లో ఫీజు. ఖాళీగా వదిలిన గడులను పట్టుకునే ముక్కను మూడు పేజీల్లోనూ మూడుసార్లు రాస్తే, నియమం మారిన రోజున రెండుచోట్ల దిద్ది మూడోది మరిచిపోతాం. ఒక్కచోట ఫంక్షన్‌గా రాసి, పేరుపెట్టి పిలిస్తే ఒక్కచోటే దిద్దాలి. ఏ పేజీ తరువాత ఏది రావాలో ఇంకొకచోట విడిగా ఉంటుంది.

ఆ తరువాత ఆమె ఇంగ్లీషు మాటల్లాంటి ఆదేశాలతో ఫ్లో-మాటిక్ భాషను రూపొందించారు. 1959లో ఒక సంఘం తలపెట్టిన కోబాల్ భాషకు ఇది పెద్ద ఆధారమైంది. కంప్యూటరులో చిమ్మట దొరికిన కథ ఆమె పేరుతో ప్రచారంలో ఉంది గానీ, పట్టుకున్నది తోటివాళ్ళు. ఆమె దాన్ని సరదాగా చెప్పేవారు, అంతే.

1966లో విశ్రాంతి ఇచ్చిన నౌకాదళమే మరుసటి ఏడాది ఆరు నెలల పనికని పిలిచింది. మధ్యలో చిన్న విరామం తప్ప ఆ ఆరు నెలలు 1986 దాకా సాగాయి. అప్పటికి ఆమెకు 79 ఏళ్ళు, హోదా రియర్ అడ్మిరల్. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఉపన్యాసాలకు వెళ్ళినప్పుడల్లా దాదాపు 30 సెంటీమీటర్ల తీగముక్కల కట్ట ఒకటి వెంట తీసుకువెళ్ళి, విన్నవాళ్ళకు తలా ఒకటి పంచేవారు. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో కాంతి వెళ్ళగలిగే దూరం ఆ తీగ పొడవు.