సంస్థానం స్వతంత్రమన్న నాడు: స్వామి రామానంద తీర్థ జీవితం

ఉగాది పచ్చడిలో వేపపూవును ఏరివేసి తినే ఆచారం మన ఇండ్లలో లేదు. ఆ కారణం చేతనే యీ సంవత్సరాది సంచికలో, మన పెద్దల కాలంలో జరిగిన చేదు తీపి కలిసిన వొక కథను, దాని నడుమ నిలిచిన వొక మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచదలచినాము.

హోట్గి రోడ్డు నేతగాండ్ర ఇండ్లలో కాపురముంటున్న మనలో అనేకుల తాతలు, ముత్తాతలు నిజాము రాజ్యంలోని తెలంగాణా జిల్లాల నుండి వచ్చినవారే. 1870ల దశకంలో సోలాపూరులో నూలు మిల్లు వెలసిన నాటి నుండి మగ్గం పని తెలిసిన చేతులకు యీ ఊరు అన్నం పెట్టింది. సోలాపూరు బొంబాయి ప్రెసిడెన్సీలోని ఇంగ్లీషువారి జిల్లా. తూర్పుగా కొన్ని మైళ్ళు పోతే నిజాము సరిహద్దు. పెండ్లికో, చావుకో స్వగ్రామం పోవలసి వస్తే హోట్గి జంక్షను, గుల్బర్గా దాటి వాడి వద్ద నిజాము వారి రైలు ఎక్కవలసి వుండేది. అక్కడ రూపాయి వేరు, తపాలా బిళ్ళ వేరు, ప్రభువు వేరు. అటువంటి రాజ్యం 1947లో తాను స్వతంత్ర దేశమని ప్రకటించుకున్నది. ఆ ప్రకటనకు ఎదురు నిలిచినవారిలో అగ్రగణ్యుడు కాషాయ వస్త్రధారి అయిన వొక సన్యాసి. ఆయనే స్వామి రామానంద తీర్థ.

స్వామీజీ 1903 అక్టోబరు 3న బిజాపూరు జిల్లా సిందగిలో జన్మించారు. పూర్వాశ్రమ నామం వెంకటేశ భవానరావు ఖేడ్గీకర్. వారి తల్లిభాష తెలుగు కాదు. బాల్యంలో కొంతకాలం గాణగాపురంలోను, తరువాత మన సోలాపూరులోను చదువుకున్నారు. 1920లో లోకమాన్య తిలక్ మరణించినప్పుడు, ఇంకా బడిపిల్లవాడుగా వుండగానే, వివాహం చేసుకోక దేశసేవకే జీవితాన్ని అర్పించాలని సంకల్పించారు. పూనాలోని తిలక్ మహారాష్ట్ర విద్యాపీఠంలో ఉన్నత విద్య ముగించి, కార్మిక నాయకులైన ఎన్. ఎం. జోషీ గారి వద్ద పనిచేశారు. మిల్లు కూలీల బ్రతుకు వారికి పుస్తకాల వల్ల కాక కండ్లారా చూచి తెలిసినది. మిల్లు ఈల విని నిద్ర లేచిన తాతల మనుమలమైన మనకు యీ సంగతి చిన్నది కాదు.

ఆ తరువాత వారు నిజాము రాజ్యంలో ప్రవేశించి, ఉస్మానాబాదు జిల్లా హిప్పర్గాలోని జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. అక్కడనే సన్యాసం స్వీకరించి రామానంద తీర్థ అనే పేరు పొందారు. సన్యాసి అయినవాడు హిమాలయాలకు పోవాలని మనవారి నమ్మకం. వీరు మాత్రం పల్లెబడిలోనే వుండిపోయారు. హిప్పర్గా నుండి మోమినాబాదుకు పోయి అక్కడను పిల్లలకు చదువు చెప్పారు.

ఆనాటి హైదరాబాదు రాజ్యం ఎట్టిదో నేటి మన పిల్లలకు కొంత చెప్పవలసి వుంది. విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. 1941 లెక్కల ప్రకారం జనం కోటి అరవై లక్షలకు పైన. జిల్లాలు 16. వాటిలో తెలుగువి 8, మరాఠీవి 5, కన్నడానివి 3. ప్రజలలో సగానికి దగ్గరగా తెలుగువారే. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గొప్ప ఆసుపత్రి కట్టించారు, నిజాంసాగరం త్రవ్వించారు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. ఇవి కాదనరాని మంచిపనులు. కాని ఆ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో; రైతు ఇంట మాట తెలుగులో. పల్లెల్లో జాగీర్దారులు, దేశముఖులు, వెట్టిచాకిరి. 1921లో హైదరాబాదులో జరిగిన వొక సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావు గారిని గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుండియే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైనది. మరాఠీవారు, కన్నడంవారు కూడా వేరువేరు పరిషత్తులు పెట్టుకున్నారు.

ఈ మూడు పాయలు వొక్కటి కావాలని స్వామీజీ పట్టుదల. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ఏర్పడబోగా, అది కన్ను తెరవకముందే ప్రభుత్వం నిషేధించింది. ఆ అక్టోబరులో సత్యాగ్రహం మొదలైనది. స్వామీజీ జైలుకు పోయారు. అది మొదలు వారికి జైలు రెండవ ఆశ్రమమైనది. నిషేధం తొలగడానికి 1946 వరకు ఎనిమిదేండ్లు పట్టింది. పిమ్మట జరిగిన అధ్యక్ష ఎన్నికలో వారు బూర్గుల రామకృష్ణారావు గారి మీద బహు కొద్ది ఓట్ల తేడాతో గెలిచారు. రామకృష్ణారావు గారు తెలుగువారికి పూజ్యులు, వారిదీ దేశభక్తే. బేరమాడి కొంత కొంత సాధించాలని వొక వర్గం, రాజీ లేక పోరాడాలని మరొక వర్గం. స్వామీజీ రెండవ వర్గానికి నాయకులు.

ఇక అసలు ఘట్టానికి వస్తున్నాము. 1935 చట్టంలో ఇంగ్లీషువారు బ్రిటిషు రాష్ట్రాలను, సంస్థానాలను కలిపి వొక సమాఖ్య చేయాలని తలపెట్టారు. అందులో చేరడానికి నిజాము ప్రభుత్వం షరతుల మీద షరతులు పెట్టి ఏండ్లు గడిపింది. 1939లో యుద్ధం రాగానే ఆ సమాఖ్య మూలబడింది. 1947 జూన్ 3న దేశ విభజన ప్రకటన వెలువడినది. ఇంగ్లీషువారు వెళ్ళిపోయిన మరుక్షణం సంస్థానాల మీద వారి సార్వభౌమాధికారం అంతరిస్తుందని తేలినది. ఆ సందు చూచుకొని, అదే జూన్ రెండవ వారంలో, నిజాము ఫర్మానా వెలువరించారు. హిందూస్థానపు రాజ్యాంగ సభకు గాని, పాకిస్తాను సభకు గాని తాము ప్రతినిధులను పంపబోమని, ఆగస్టు 15 నుండి తాము స్వతంత్ర ప్రభువులమని దాని సారాంశం. దక్షిణాన తిరువాన్కూరు దివాను సర్ సి. పి. రామస్వామి అయ్యరు కూడా ఆ రోజులలోనే అటువంటి ప్రకటన చేశారు. జూలై ముగిసేలోగా తిరువాన్కూరు దిగివచ్చి భారతదేశంలో చేరింది. హైదరాబాదు దిగిరాలేదు.

ఫర్మానాలో స్వతంత్రత అనే మాట వున్నది. ఆ స్వతంత్రత ఎవరిది? కోటి అరవై లక్షల జనంలో వొక్కరినైనా అడిగినది లేదు. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వమే లేదు. వెట్టివాడు వెట్టివాడుగానే, పన్ను కట్టేవాడు పన్ను కట్టేవాడుగానే వుండగా, ప్రభువు వొక్కడు స్వతంత్రుడైనాడు. స్వామీజీ జీవితమంతా చెప్పిన పాఠం ఇదే. రాజ్యం స్వతంత్రమైనంత మాత్రాన ప్రజలు స్వతంత్రులు కారు. 1930 మే నెలలో మన సోలాపూరు జనం కొద్ది దినాలు ఇంగ్లీషువారి అధికారం లేకుండా ఊరు నడుపుకున్నారు. దానికి ఫలం సైనిక శాసనం; 1931 జనవరి 12న ధనశెట్టి, సార్డా, కుర్బాన్ హుస్సేను, శిందే అనే నలుగురికి ఉరి. దానికీ, రాజు కాగితం మీద ముద్ర వేసి పొందే స్వతంత్రతకూ ఎంత దూరమో సోలాపూరువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఫర్మానా వెలువడిన కొద్ది దినాలకే హైదరాబాదు ముషీరాబాదులో స్టేట్ కాంగ్రెస్ మహాసభ జరిగినది. అధ్యక్షపీఠం నుండి స్వామీజీ ఆ ప్రకటనను త్రోసిపుచ్చి, భారతదేశంలో చేరవలెననీ, ప్రజా ప్రభుత్వం కావలెననీ కోరారు. ఆగస్టు 7న విలీన దినం జరిపించారు. ఆగస్టు 15న మువ్వన్నెల జెండా ఎగురవేయండని పిలుపునిచ్చారు. దేశమంతా దీపాలు వెలిగించుకున్న ఆనాడే వారిని అరెస్టు చేశారు. నవంబరు 29న హిందూస్థాన ప్రభుత్వానికి, నిజాముకు వొక ఏడాదికి యథాతథ ఒడంబడిక కుదిరిన పిదప విడుదల చేశారు గాని, 1948 జనవరిలో మళ్ళీ పట్టుకున్నారు. అక్కడి నుండి సెప్టెంబరు వరకు వారు జైలులోనే వున్నారు.

ఆ నెలలు సరిహద్దు ఊళ్ళకు ఏలినాటి శని. లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దండులు పల్లెల మీద పడ్డాయి. తలదాచుకోను వేలాది జనం సరిహద్దు దాటి సోలాపూరు చేరారు. స్టేట్ కాంగ్రెస్ వారు సోలాపూరు, బార్శీ, గదగ్, చాందా, విజయవాడ వైపుల శిబిరాలు నడిపారు. గాంధీ మార్గాన్ని నమ్మిన సన్యాసి అధ్యక్షుడుగా వున్న సంస్థవారి శిబిరాలలో తుపాకులు కూడా చేరాయి. ఇది దాచవలసిన సంగతి కాదు. ఈ పోరును మతాల పోరుగా చూడడమూ తప్పే. భారతదేశంలో చేరడమే మేలని వ్రాసిన ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో నరికి చంపారు. ఆయన ముస్లిము, చంపింది ఫర్మానాకు జయకొట్టినవారు.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ చౌధురి సేన సోలాపూరు నుండి కదిలి, నల్దుర్గం దాటి, హుమ్నాబాదు మీదుగా సికిందరాబాదు దారి పట్టింది. 17 సాయంకాలం నిజాము పోరు ఆపివేసినట్టు రేడియోలో చెప్పారు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో హైదరాబాదు పెట్టిన ఫిర్యాదు నలుగుతూ వుండగానే ఆ స్వతంత్ర రాజ్యం ముగిసింది. స్వామీజీ చెర వీడినారు.

చేదు అంతటితో ముగియలేదు. విజయం తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిముల మీద ఘోరమైన ప్రతీకారం జరిగింది. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం చనిపోయినవారు 27 వేల నుండి 40 వేల దాకా వుంటారని అంచనా వేసింది. ఆ నివేదిక చాలా కాలం గుప్తంగా వుండి 2013లో జనానికి అందుబాటుకు వచ్చింది. ఇందులో రెండు జిల్లాలు మన పొరుగునే వున్నాయి. పక్కపక్క మగ్గాల మీద అన్ని మతాలవారమూ నేసుకొని బ్రతికే ఊరిలో వుంటూ యీ మాట వ్రాయక తప్పించుకొనడం ధర్మం కాదని తోచింది.

గెలిచిన తరువాత స్వామీజీ గద్దె కోరలేదు. 1952లో గుల్బర్గా నుండి, 1957లో ఔరంగాబాదు నుండి లోకసభకు ఎన్నికైనారు. హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీయక వుంచాలని జవహర్‌లాల్ నెహ్రూ గారి అభిమతం. అయినా, ప్రజల భాషలో ప్రజల పాలన జరగాలంటే ఆ రాష్ట్రం మూడు భాషల ప్రాంతాలుగా విడిపోవాలని స్వామీజీ నిలబడ్డారు. తాను ఏ రాజ్యపు ప్రజల కొరకు పోరాడారో ఆ రాజ్యమే లేకుండా పోవాలని కోరిన నాయకులు అరుదు. 1956 నవంబరు 1న అదే జరిగింది. తెలంగాణా ఆంధ్రప్రదేశ్‌లోను, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోను, కన్నడ జిల్లాలు మైసూరులోను చేరాయి. 1972 జనవరి 22న స్వామీజీ హైదరాబాదులో పరమపదించారు. బేగంపేటలో వారి సమాధి వున్నది. వారి శిష్యులలో వొకరైన పి. వి. నరసింహారావు గారు 1991లో దేశ ప్రధాని అయినారు. నాందేడు విశ్వవిద్యాలయం స్వామీజీ పేరుతో నడుస్తున్నది. మన నేతగాండ్రకు ప్రీతిపాత్రమైన పోచంపల్లిలోను వారి పేర వొక గ్రామీణ శిక్షణ సంస్థ వున్నది.

సెప్టెంబరు 17ను మరాఠ్వాడాలో ముక్తి దినంగా జరుపుతారు. తెలంగాణాలో దానిని ఏ పేరున జరపాలన్న వాదం తెగలేదు. భాషను బట్టి గీసిన గీతకు మనం ఇవతలి వైపున వుండిపోయినాము. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, పక్కన కన్నడం. సొంత రాష్ట్రం లేనివారమని అప్పుడప్పుడు మనసు చిన్నబుచ్చుకుంటాము. కాని మనదికాని భాషలో పుట్టి, మన తెలంగాణా రైతు కొరకు జైలులో ఏండ్లు గడిపిన మనిషి, చిన్ననాడు యీ ఊరి వీధులలోనే పుస్తకాలు పట్టుకొని బడికి నడిచినారు. ఆ సంగతి తలచుకుంటే పరాయితనం కొంత తగ్గుతుంది. పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేటప్పుడు యీ కథను కూడా చెప్పండని తల్లిదండ్రులను కోరుతున్నాము.

సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.