ఫాదర్ హయ్యరు: దుఃఖములో పిలుపు వినిన సేవకుడు

మన డయాసిస్ శతాబ్ది సంచికలో పొరుగు సంఘమువారి మిషనెరీని గూర్చి వ్రాయనేల అని కొందరు అడుగవచ్చును. ఏలూరు చర్చి మిషనరీ సొసైటీ వారి పొలము. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు అది దానిలో చేరినది. ఏలూరు కాలువ వెంబడి తూర్పుగా పోయినచో తాడేపల్లిగూడెము ప్రాంతమంతయు లూథరను సంఘములు. అయినను ఈ రెండు పొలముల మధ్య గట్టు మనము తలంచునంత పాతది కాదు. 1854లో సొసైటీవారు ఏలూరులో పని ప్రారంభించుటకు ముందు గ్రోనింగు అను లూథరను మిషనెరీ అక్కడ కొంతకాలము పరిచర్య చేసెను. ఆయన పేరు మరల వచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

మరియొక కారణము కూడ కలదు. 2006లో కొల్లేటి చేపల చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు బ్రతుకుతెరువు పోయిన లంక గ్రామముల కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి వలన పెద్ద దిక్కును పోగొట్టుకొనిన ఇండ్లు ఉన్నవి. అట్టి ఇండ్లకు పరామర్శకు పోయినప్పుడు అలవాటైన మాటలు నోట రాక మేము మౌనముగా కూర్చుండిన దినములు అనేకము. అందుచేతనే దుఃఖము, మార్పు రెండును సమృద్ధిగా ఎరిగిన ఒక ముసలి సేవకుని జీవితమును ఇక్కడ చెప్పనెంచితిమి.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించిరి. నెపోలియను యుద్ధముల కాలమది. 1807లో తల్లిదండ్రులు ఆ బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, బంధువుల యొద్దకు పంపిరి. ఆయన వేదాంతవిద్య నభ్యసించి, 1820లో గురువుగా అభిషేకము పొంది, పెన్సిల్వేనియా సీమలో ఊరూరు తిరుగుచు, ఆదివారపు బడులు పెట్టించుచు చాల ఏండ్లు గడిపిరి. మేరీ గాష్ అను వితంతువును వివాహమాడిరి. పిల్లలు కలిగిరి.

1839లో ఆ తల్లి మరణించెను. అప్పటికి హయ్యరుగారికి నలుబది అయిదేండ్లు నిండినవి. మన ఊళ్లలోనైతే ఆ వయస్సున భార్యను పోగొట్టుకొనిన మనుష్యుని చూచి, ఇక పిల్లల నీడను కాలము గడుపుమని పెద్దలు చెప్పుదురు. అది తప్పు సలహా కాదు. అయితే రెండేండ్లకు తెలుగు దేశమునకు మిషనెరీగా పోవుదువా అని సంఘమువారు పిలిచినప్పుడు ఆయన ఒప్పుకొనిరి. పిల్లలను స్వదేశములో విడిచి, 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరిరి. అక్కడి కలెక్టరు స్టోక్సు దొరగారు ఆయనను ఆదరించిరి.

ఆయన వచ్చినది ఎట్టి సీమకు? డొక్కల కరువు అని మన ముసలివారు చెప్పుకొనిన 1832-33 నాటి కరువు గడచి పదియేండ్లయినను కాలేదు. గుంటూరు సీమలో లక్షకు పైగా జనము చచ్చిరి. ధవళేశ్వరము ఆనకట్ట పని ఇంకను మొదలు కాలేదు, అది 1847లో గాని ఆరంభము కాలేదు. ఇంటింట ఎవరినో ఒకరిని పోగొట్టుకొనిన జనుల మధ్యకు భార్యను పాతిపెట్టి వచ్చిన మనుష్యుడు చేరెను. మేము ఆయన చరిత్ర చదువునప్పుడు మిక్కిలి నిలిచి ఆలోచించిన చోటు ఇదియే.

గుంటూరులో బడులు పెట్టిరి, ఆడపిల్లలకు సహితము. 1846లో స్వదేశమునకు పోయి ఊరక కూర్చుండక, ఏబది దాటిన వయస్సులో వైద్యవిద్య చదివి పట్టము పొంది 1848లో మరల వచ్చిరి. మరుసటి యేట పల్నాటి గురజాలకు పోయిరి. తనకు తోడుగా వచ్చిన వాల్టరు గన్నుగారు 1851లో గుంటూరులోనే మరణించిరి. 1857లో హయ్యరుగారు అమెరికాకు మరలి మిన్నెసోటాలో సంఘములు కట్టిరి. ఆయన పని ముగిసినదని అందరును తలంచియుందురు.

ఇంతలో గోదావరి తీరమున పరిస్థితి క్షీణించినది. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము వలన ధనము, మనుష్యులు రెండును కరువైరి. పిమ్మట అక్కడి లూథరను సంఘములే చీలిపోయెను. సామర్లకోటలో ఉన్న ఆడం లాంగుగారు 1866లో మశూచికము వలన చనిపోయిరి. రాజమండ్రి పని నిలిచియున్నదనగా తోట జోసెఫు, నేలప్రోలు పౌలుసు అను తెలుగు సేవకుల వలననే. దొరల పటములు గోడలకు వ్రేలాడుచున్నవి గాని వీరి పేర్లు మన పిల్లలకు తెలియవు. ఇది మాకు చాల విచారము.

1869లో రాజమండ్రి, సామర్లకోట పొలములను చర్చి మిషనరీ సొసైటీ వారికి అప్పగింప నిశ్చయించిరి. అప్పగింత జరిగియుండినచో తాడేపల్లిగూడెము సంఘములును మనతో కలిసియుండెడివి. అది చెడు కార్యమేమియు కాదు! కాని ఈ వార్త విని జర్మనీలో నున్న గ్రోనింగుగారు ఊరకుండలేకపోయిరి. ఆయన అప్పుడు జర్మనీలోనే ఉన్న హయ్యరుగారికి సంగతి తెలిపిరి. హయ్యరుగారు సముద్రము దాటి, ఆ యేడు మే నెలలో పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణమున జరిగిన సభకు పోయి, ఆ పొలమును విడువవద్దనియు, ఎవరును లేనియెడల తానే పోవుదుననియు నిలిచి చెప్పిరి. చేతిసంచి సర్దుకొనియే సభకు వచ్చిరని చెప్పుకొందురు. సంచి మాట ఎట్లున్నను వయస్సు మాత్రము డెబ్బది ఆరు నిండవచ్చినది. అబ్రాహాము హారాను విడిచిన వయస్సు కంటె అధికము.

అప్పగింత ఆగినది. 1869 చివరకు ఆయన రాజమండ్రి చేరిరి. సుఖము మాత్రము దొరకలేదు. సహాయమునకు వచ్చిన బెక్కరు అను యౌవనస్థుడు 1870లో, కొద్ది నెలలలోనే మరణించెను. ముసలివాడు బ్రదికి యౌవనుడు పోవుట చూచుట ఎంత భారమో పిల్లలను పాతిపెట్టిన మన తలిదండ్రులకు చెప్ప నక్కరలేదు. ఆయన ఓడ ఎక్కి వెళ్లిపోలేదు. ఆ యేడే ష్మిట్టుగారు వచ్చి భాష నేర్చుకొనువరకు, సంఘముల లెక్కలు, బడుల పని ఆయన చేతికి అప్పగించువరకు ఆగిరి. 1871 జనవరిలో సెలవు తీసికొనిరి.

కడపటి దినములలో ఫిలడెల్ఫియా వేదాంత పాఠశాలలో విద్యార్థుల నడుమ నివసించి, 1873 నవంబరు 7న ప్రభువునందు నిద్రించిరి. ఆయన దేహమును పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ అను పల్లెకు కొనిపోయి, ముప్పది నాలుగేండ్ల క్రిందట పాతిపెట్టబడిన భార్య ప్రక్కనే సమాధి చేసిరి.