సింగరేణి బొగ్గును ప్రయోగశాలకు చేర్చిన రసాయన శాస్త్రవేత్త డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఔషధ, టీకాల పరిశ్రమలు విస్తరించిన నేపథ్యంలో హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనగానే అందరికీ మందులే స్ఫురిస్తాయి. అయితే ఈ సంస్థ తొలినాళ్లలో బొగ్గు పరిశోధనకు పేరెన్నికగన్నది. ఆ పరిశోధనకు పునాది వేసినవారు డాక్టర్ సయ్యద్ హుస్సేన్ జహీర్.

జహీర్ 1901లో లక్నోకు చెందిన ప్రముఖ కుటుంబంలో జన్మించారు. తండ్రి సర్ సయ్యద్ వజీర్ హసన్ అవధ్ ప్రధాన న్యాయస్థానంలో న్యాయమూర్తి. అభ్యుదయ రచయితల ఉద్యమ నిర్మాతలలో ఒకరైన సజ్జాద్ జహీర్ ఆయన సోదరుడు. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాభ్యాసం చేసి, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన జహీర్, లక్నో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా పనిచేశారు.

నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలల సంచాలకులుగా ఆయన 1948లో హైదరాబాదు వచ్చారు. అదే సంవత్సరం సెప్టెంబరులో హైదరాబాదు రాష్ట్రం భారత యూనియన్‌లో విలీనమైంది. తదుపరి ఈ ప్రయోగశాల శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పరిధిలోకి వెళ్లి, ప్రాంతీయ పరిశోధనాలయంగా ప్రసిద్ధి చెందింది.

గోదావరి లోయలో 1889 నుంచే బొగ్గు తవ్వుతున్నారు. అయితే ఈ బొగ్గులో బూడిద అధికం. ఉక్కు కొలుముల్లో వాడే గట్టి కోక్ దీని నుంచి రాదు. అందువల్ల రైలింజన్లు, బాయిలర్లలో మండించడం మినహా దీనికి మరో ఉపయోగం ఉండేది కాదు. ఈ స్థితిని మార్చేందుకు జహీర్ నాయకత్వంలోని పరిశోధనాలయం అల్ప ఉష్ణోగ్రత కర్బనీకరణాన్ని చేపట్టింది. గాలి తగలని బట్టీలో బొగ్గును దాదాపు 600 నుంచి 700 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు వేడిచేస్తే పొగరాని మెత్తటి కోక్ మిగులుతుంది. వాయువు, తారు వేరుగా వస్తాయి. చిక్కటి ఆ తారును స్వేదనం చేస్తే ఫినాల్, క్రెసాల్ వంటి రసాయనాలు, భారీ నూనెలు లభిస్తాయి. పొయ్యిలో పొగరాని బొగ్గు ఉంటే గృహిణుల కళ్లకు, అడవులకు కూడా మేలన్నది ఆనాటి ఆలోచన. పరీక్షనాళికతో ఆగక, రోజుకు 25 టన్నుల బొగ్గును శుద్ధిచేయగల ప్రయోగాత్మక కర్మాగారాన్ని పరిశోధనాలయ ఆవరణలోనే నిర్మించడం ఆ రోజుల్లో సాహసమే. ఆ అనుభవంతో తర్వాత ఆదిలాబాదు జిల్లా నస్పూరులో పెద్ద కర్మాగారం వెలసింది. ఇళ్లలోకి వంటగ్యాసు ప్రవేశించాక పొగరాని బొగ్గుకు ఆదరణ తగ్గిన మాట వాస్తవం.

జహీర్ దృష్టి బొగ్గుకే పరిమితం కాలేదు. ఆయన కాలంలో బలపడిన జీవరసాయన విభాగం నుంచే 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం రూపుదిద్దుకున్నది.

1962లో ఆయన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్లి, 1966 వరకు ఆ బాధ్యతలు నిర్వర్తించారు. భారత ప్రభుత్వం 1972లో పద్మభూషణ్‌తో సత్కరించింది. 1975లో ఆయన కన్నుమూశారు.

ఆయన మరణానంతరం 1980లో రామగుండంలో బొగ్గు నుంచి ఎరువు తయారుచేసే కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడింది. 2021లో అదే చోట తిరిగి మొదలైన ఉత్పత్తికి సహజవాయువే ఆధారం. బూడిద అధికంగా గల బొగ్గు నుంచి మిథనాల్ తీసే చిన్న కర్మాగారాన్ని, రోజుకు పావు టన్ను సామర్థ్యంతో, బీహెచ్‌ఈఎల్ సంస్థ 2022 జనవరిలో హైదరాబాదులో ప్రారంభించింది.