పిల్లల పుస్తకాలు అమ్ముకున్న తండ్రి

చార్లెస్ గుడ్‌ఇయర్ 1800లో అమెరికాలోని న్యూహేవెన్‌లో పుట్టారు. అప్పట్లో రబ్బరు ఎండకు బంకలా కరిగేది, చలికి పెళుసుబారేది. రసాయన శాస్త్రం చదవకపోయినా దాన్ని బాగుచేయాలని ఆయన పట్టుబట్టారు. అప్పులు తీర్చలేక జైలుకు వెళ్లినా పచ్చి రబ్బరు పిసుకుతూనే ఉన్నారు. మెగ్నీషియా పొడి కలిపితే జిగట తగ్గింది. వేసవి రాగానే మళ్లీ కరిగింది. సున్నంతో ఉడికిస్తే నునుపు తేలింది. పులుపు చుక్క పడితే మళ్లీ బంకే.

1839లో గంధకం, సీసపు తెల్లపొడి కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు, తోలులా బిగిసింది. గంధకం రబ్బరు అణువుల గొలుసులను ముడివేసింది. సీసపు పొడి ఆ పనిని త్వరపెట్టింది. 1844లో పేటెంటు వచ్చింది. ఆ వెతుకులాటలో ఇల్లు గడవక పిల్లల పాఠ్యపుస్తకాలు కూడా అమ్ముకున్నారు. 1860లో కన్నుమూసేనాటికి మిగిలినవి అప్పులే. ఆయన పేరున్న టైర్ల కంపెనీని 1898లో వేరేవాళ్లు పెట్టారు.

ఈ కథను తరగతిలో చెప్పేటప్పుడు మనం పొయ్యి దగ్గరి అదృష్టంతోనే ముగిస్తుంటాం. అంతకుముందు వమ్మయిన పొడుల సంగతీ చెబుదాం. అమ్మిన పుస్తకాల సంగతీ దాచొద్దు. ఆ పట్టుదలకు మూల్యం చెల్లించినవాళ్లలో పిల్లలూ ఉన్నారు.