బ్రౌను దొర తాళపత్ర సేకరణము

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరమున కలకత్తాలో జన్మించెను. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. ఆ కాలమున తెలుగు గ్రంథములు చాలవరకు తాటియాకులమీదనే యుండెడివి. అటకలపై పడియున్న ప్రతులు చెదలపాలగుచుండెను. ఉన్న యొక్క ప్రతియు నశించినచో కావ్యమే నశించినట్లు గదా!

1824లో బ్రౌనునకు వేమన పద్యములపై మనసు లగ్నమయ్యెను. ఒక ప్రతికిని మరియొక ప్రతికిని పొత్తు కుదురలేదు. ఆయన విసుగుచెందక పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి చూచి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను.

పిదప కడపలోని తన బంగళాయందే పండితులకును లేఖకులకును జీతములిచ్చి పని చేయించెను. అమ్మెడివారియొద్ద ప్రతులను కొనెను. తక్కినవానికి నకళ్లు వ్రాయించెను. ఈ వ్యయమునకై అప్పులు సయితము చేసెను. దొర యొక్కడే యింత చేసెననుట న్యాయము కాదు. తరతరములుగా దాచిన పొత్తములను వెలికిదీసి యిచ్చిన గృహస్థులకును, చూపు చెడునట్లు వ్రాసిన లేఖకులకును ఆ కీర్తిలో పాలు కలదు.

సెలవుపై లండను వెళ్లినపుడు, ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు పలుకరించువారు లేక పడియుండుట చూచి, వానిని మద్రాసునకు పంపించెను. తన సేకరణమును గూడ మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేసెను. అవి యిప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి.

బ్రౌను 1884లో లండనులో మరణించెను. కడపలో ఆయన నివసించిన బంగళా శిథిలమయ్యెను. ఆ స్థలముననే ప్రజల విరాళములతో ఆయన పేర గ్రంథాలయము నిర్మింపబడి 1995లో తెరువబడినది. అందు తాళపత్రములును గలవు.